బూడిద రంగు గడి

సంఘం హాలుకి రంగులు వేయిస్తున్నారట. మొన్న కమిటీ వాళ్ళు ఫోన్ చేసి, స్టోరు గదిలో సూరిబాబు గారు వాడిన కంప్యూటర్ ఒకటి పడుంది, పాత సామాన్లు కొనే కబాడీవాడికి ఇచ్చేస్తున్నాం, మీకేమన్నా పనికొస్తుందేమో వచ్చి చూసుకోండమ్మా అన్నారు. సూరిబాబు మా ఆయన. పోయి చాలా ఏళ్ళయింది. సరే బాబూ అని వెళ్ళాను. పాత టీవీ అంత డబ్బా అది, వెనకాల గూని. మీటల మీద కొన్ని అక్షరాలు ఆయన వేళ్ళకే అరిగిపోయాయి. కొంగుతో తుడిచి దగ్గరికి వంగి వాసన చూశాను. ఆ రోజుల్లో అది వేడెక్కితే ఇస్త్రీ పెట్టె కింద నైలాన్ గుడ్డ పెట్టినట్టు ఒక వాసన వచ్చేది. ఇప్పుడు ఎలకల వాసన తప్ప ఏమీ లేదు. ఏమీ తెచ్చుకోలేదు. వద్దు బాబూ, ఇచ్చేయండి అని చెప్పి ఇంటికొచ్చాను గానీ, వచ్చినకాణ్ణించీ పొయ్యి దగ్గర నిలబడలేను, మంచం మీద కూర్చోలేను. పక్కింటి కోడలు చూసి, ఏటి పిన్నీ అలగున్నావు, చెప్పుకో, నేను రాస్తాను అంది. నాకు అక్షరాలు కూడబలుక్కోవడం వరకే వచ్చు. అందుకని నేను చెప్తున్నాను, ఆ పిల్ల రాస్తోంది. ముందువి వెనకా వెనకవి ముందూ వస్తే ఏమనుకోకండి. గుర్తొచ్చిన వరసలోనే చెప్పగలను.

మాది విజయనగరం దగ్గర పల్లె. పెళ్ళయిన కొత్తలో నన్ను రాయపూర్ తీసుకొచ్చారు. అప్పుడప్పుడే ఇది వేరే రాష్ట్రం అయిందని అందరూ అనుకుంటున్నారు. రైలు కట్ట పక్క బస్తీలో లైను ఇళ్ళు, అందులో మాది ఒక గది. మంచం వేస్తే గోడకి గోడ సరిపోయింది, పొయ్యి గుమ్మం పక్కన. ఆయన సిల్తారాలో ఇనుము ఫ్యాక్టరీలో కంప్యూటర్ ఆపరేటరు. లోపలికొచ్చే లారీ బరువు, బయటికెళ్ళే లారీ బరువు టైపు చేసి చీటీ తీయడం పని. పొద్దున్నే బస్సెక్కితే మళ్ళీ చీకటి పడే వేళకి వచ్చేవాడు. చొక్కాకి బొగ్గు వాసన, ఇనుము వాసన. రెండు నీళ్ళు మార్చినా బకెట్లో నల్లగా తేలేది. చొక్కా ఒక్కటే ఏటి, ఆ పక్కనుంచి గాలి తిరిగిందంటే మా వాకిలి మీద కూడా నల్లటి పొడి పడేది. ఊడ్చి, కడిగి, ముగ్గు పెట్టి లేచేసరికి ముగ్గు మీద ఇంకో పొర. మా ఊళ్ళో నేను తెల్లటి ముగ్గు వేసేదాన్ని, ఇక్కడ వేసేది ఏ రంగో నాకే తెలిసేది కాదు.

హిందీ రాదు. ఛత్తీస్‌గఢీ అంతకంటే రాదు. ఎదురింటి దువాసిన్ బాయి రోజూ మధ్యాహ్నం అరుగు మీద కూర్చుని "కా సాగ్ రాంధే హస్ ఓ" అని అడిగేది. ఏం కూర వండావే అని అడుగుతోందని నాకు తెలియడానికి ఒక వానాకాలం పట్టింది. అప్పటిదాకా నవ్వి తలూపేదాన్ని. ఆమె కూడా మంచిదే, తలూపే కూర ఎలా ఉంటుందో అడగలేదు. మా ఆయన తక్కువ మాటల మనిషి. వచ్చి కాళ్ళు కడుక్కుని, అన్నం తిని, రేడియో చెవి దగ్గర పెట్టుకుని పడుకునేవాడు. ఆదివారం అయినా ఉంటాడనుకుంటే, ఆ రోజు పొద్దున్నే తెలుగు సంఘం హాలుకి పోయేవాడు. అక్కడికి ఎవరో ఒక కంప్యూటర్ ఇచ్చారు, ఈయన దాని మీద సంఘానికి ఇంటర్నెట్టు పేజీ చేస్తున్నాడు. ఒక ఆదివారం చెప్పులేసుకుంటుంటే గుమ్మానికి అడ్డం కూర్చున్నాను. వారమంతా గోడలతో మాట్లాడుతున్నాను, ఇయాళ కూడా నన్ను గోడలకే అప్పచెప్తావా మావా అన్నాను. ఆయన, క్యారేజీ కట్టు, నువ్వూ రా అన్నాడు. అంతే. పులిహోర కలిపి, వేయించిన మిరపకాయలు మీద పెట్టి, వెంట నడిచాను. ఆ తర్వాత ఏ ఆదివారమూ నన్ను వదిలి వెళ్ళలేదు.

హాల్లో ఫ్యాను కింద రెండు ఇనప కుర్చీలు. ఒక దాంట్లో ఆయన, పక్కదాంట్లో నేను. తెర మీద ఏవో గీతలు, నిలువూ అడ్డమూ.

"ఇదేటి మావా, చాప అల్లినట్టు?"

"గడులు. ఒక్కో ఇంటికి ఒక వరస. వరసలో ఇంటాయన పేరు ఒక గడి, ఇంటిపేరు ఒక గడి, సొంతూరు, ఇక్కడ ఉన్న చోటు, ఫోను, పిల్లలు."

అలా మొదలైంది. ఆయన అంతసేపు మాట్లాడగలడని నాకు అప్పటిదాకా తెలీదు. గడి గీసేస్తే అయిపోదట. గడి గోడకీ లోపలున్న మాటకీ మధ్య జాగా ఎంత వదలాలో ముందే చెప్పాలట, చెప్పకపోతే మాట పోయి గోడకి అతుక్కుంటుందట. మన మంచంలాగా అన్నాను. ఆయన నవ్వాడు. లోపలి పళ్ళు కనపడేలా ఆయన నవ్వడం చూసింది అదే మొదలు. గడికీ గడికీ మధ్య కూడా ఎడం పెట్టొచ్చు, నేను సున్నా పెట్టాను అన్నాడు. అయితే లైను ఇళ్ళే, పక్క గడిలో కూర మాడితే మన గడిలోకి వాసనొస్తాది అన్నాను. ఆ రోజంతా అదే తలచుకుని నవ్వుకున్నాడు. మాట గడి మధ్యలో నిలబడాలంటే ఒక మాట రాయాలి, పైకి జరగాలంటే ఇంకోటి. రెండు గడుల మధ్య గోడ తీసేసి ఒకటి చేయాలంటే వేరే మాట ఉంది. ఒకే క్వార్టర్లో ఉన్న అన్నదమ్ములకి అలా చిరునామా గడి కలిపి పెట్టాడు. కొన్నాళ్ళకి వాళ్ళిద్దరూ ఏదో నీళ్ళ కుళాయి దగ్గర దెబ్బలాడుకుని, పెద్దాయన హాలుకొచ్చి, మధ్యలో గోడ పెట్టు అని పట్టుబట్టాడు. ఈయన పెట్టాడు. దసరాలకి కలిసిపోయి మళ్ళీ వచ్చారు. ఈయన మళ్ళీ తీశాడు. ఇంటి మేస్త్రీకి కూడా ఇంత పని ఉండదు అని నేను అంటే, నిజం గోడలైతే ఇంత తొందరగా తీయలేరు పైడీ అన్నాడు. నా పేరు పైడితల్లి.

మాకు పిల్లలు లేరు. మా వరసలో పిల్లల గడి ఖాళీ. ఒక ఆదివారం చూస్తే ఆ చోట గడి కూడా లేదు. గీతలు పోయి, పన్ను ఊడిన చోటులాగా సందు పడింది. నేను దాని వంకే చూస్తున్నాను. అది ఆయన చూశాడు. గడిలో ఏమీ రాయకపోతే కంప్యూటరు దానికి గోడలు వేయదు, ఖాళీ ఉందని కూడా ఒక మాట రాయాలి అని చెప్పి, కంటికి కనపడని ఆ మాటేదో లోపల టైపు చేశాడు. గీతలు వచ్చి నిలబడ్డాయి. లోపల తెలుపు. ఆయన తెర మీద ఆ గడిని వేలితో తుడిచినట్టు చేసి, క్యారేజీ విప్పు, ఆకలేస్తోంది అన్నాడు. పిల్లల గురించి మేమిద్దరం మాట్లాడుకున్నది ఏమన్నా ఉందంటే అదే.

రంగుల సంగతి చెప్పాలి. అది ఒక గొడవలోంచి పుట్టింది. ఎవరో పెళ్ళి శుభలేఖలు పంచుతూ, పసుపూ కుంకుమా పట్టుకుని, తండ్రి పోయి వారం కూడా కాని ఇంటికి వెళ్ళారు. తెలీక వెళ్ళారు. ఒకళ్ళు కట్ట దగ్గర ఉంటే ఒకళ్ళు మందిర్ హసౌద్ దాటి ఉంటారు, ఎవరింట్లో ఏం జరిగిందో ఎవరికి తెలుస్తుంది. ఆ ఇంటివాళ్ళు శుభలేఖ వీధిలోకి విసిరేశారు, రెండు కుటుంబాలకీ మాటలు లేవు. అప్పుడు సెక్రెటరీ గౌరినాయుడు గారు మా ఆయన్ని అడిగారు, మైలలో ఉన్న ఇంటికి గడిలో ఏదన్నా గుర్తు పెట్టవయ్యా అని. ఈయన ఇంటాయన పేరున్న గడికి బూడిద రంగు వేశాడు. శుభకార్యం ఉన్న ఇంటికి పసుపు. మామూలు ఇంటికి తెలుపు. ప్రతి నెలా ఆ పేజీ కాయితం మీద అచ్చు తీసి హాలు బోర్డుకి అంటించేవారు, ఇంటర్నెట్టు లేనివాళ్ళు అక్కడ చూసుకునేవారు. శుభలేఖలు అచ్చేయించేవాళ్ళు ముందు ఆ బోర్డు దగ్గరికి రావడం అలవాటైపోయింది. నాకు ఇంగ్లీషు రాదు గానీ ఆ రంగుల అక్షరాలు వచ్చేశాయి. బూడిదకి వరసగా ఆరు నెలవంకలు. తెలుపుకి ఆరుసార్లు ఒకే అక్షరం, రెండు కొమ్మలు ఒకే పక్కకి ఉన్న కర్రలాంటిది. పసుపుకి ఆ కర్రలు నాలుగు, చివర రెండు తొమ్మిదులు. నేను చెప్తుంటే ఆయన కొట్టేవాడు. ఒక్కోసారి కుర్చీ మార్చుకుని నన్నే కొట్టమనేవాడు. నా వేలు మీట వెతుక్కుంటూ తిరుగుతుంటే ఆయన పులిహోర తింటూ తొందర పెట్టకుండా కూర్చునేవాడు.

బూడిద వేయడం సులువే. తీయడానికి మాత్రం ఆయన ఒక పద్ధతి పెట్టుకున్నాడు. మా వైపు, చావు జరిగిన ఇంటి మనిషిని ఏడాది తిరిగాక అయినవాళ్ళు ఎవరో ఒకరు తమ ఇంటికి తీసుకెళ్ళి ఒక రాత్రి పడుకోబెట్టుకుంటారు. నిద్ర చేయించడం అంటారు. అదయ్యాకే ఆ మనిషి మళ్ళీ నలుగురిలోకి వచ్చినట్టు. మా ఆయన ఏడు తిరిగిందని కేలెండరు చూసి రంగు తీసేసేవాడు కాదు. ఆ ఇంటికి వెళ్ళి, గుమ్మంలో నిలబడి మంచినీళ్ళు అడిగి తాగి, నిద్ర అయిందా అని అడిగేవాడు. కాలేదంటే గౌరినాయుడు గారి భార్య రాజేశ్వరమ్మ పిన్నికి చెప్పి, దగ్గర్లో ఎవరో ఒకళ్ళు తీసుకెళ్ళేలా చూసేవాడు. అప్పుడు ఆదివారం హాలుకొచ్చి రంగు తీసేవాడు. వాళ్ళిళ్ళకి వెళ్ళకుండానే తీసేస్తే ఏటి మావా, ఎవరికి తెలుస్తాది అని నేను ఒకసారి అన్నాను. "రంగు నేను తీయకూడదే. వాళ్ళని ఎవరో వచ్చి తీయాలి. నేను ఆ సంగతి రాస్తానంతే" అన్నాడు.

ఆయన పచ్చకామెర్లతో పోయాడు. వానలు మొదలైన రోజులు. కళ్ళు పచ్చబడ్డాక కూడా డ్యూటీకి వెళ్ళాడు, ఆకు పసరు మింగాడు, ఆసుపత్రిలో పడుకునేసరికి ఆలస్యమైపోయింది. అంతకంటే చెప్పలేను. మా అన్న వచ్చి పెద్దకర్మ దాకా ఉన్నాడు. అమ్మా నాన్నా లేరు, వదినకి పురుడు దగ్గర పడింది. ఏడు తిరిగాక మళ్ళీ ఇంత దూరం ఎక్కడ వస్తానే, ఇక్కడ మనవాళ్ళు ఇంతమంది ఉన్నారు కదా, వాళ్ళే తీస్తారు అన్నాడు. అవునన్నాను. నాకూ అదే నమ్మకం. ఊరికి వచ్చెయ్యమని కూడా అన్నాడు, నేను వెళ్ళలేదు. అక్కడ నాకు తెలిసింది ఏముంది, చిన్నప్పటి ఇల్లు తప్ప. మాటలు నేర్చుకున్నది ఇక్కడ, ఆ ఇనప కుర్చీలో కూర్చుని.

మా గడికి బూడిద రంగు వేయడం సంఘంలో ఎవరికీ చేతకాలేదు. ఆ పని తెలిసినవాడే పోయాడు. గౌరినాయుడు గారి అల్లుడు భిలాయ్ నుంచి వచ్చినప్పుడు అతని చేత వేయించారు. అతను పేరున్న గడికి కాకుండా మొత్తం వరసకి వేశాడు. మా ఆయన పేరు, ఇంటిపేరు, మా పల్లె, బస్తీ, పిల్లల గడితో సహా అంతా ఆ చివర్నించి ఈ చివరికి బూడిద. మా ఊరు ఏం పాపం చేసిందో, అదీ మైలలో పడింది. అల్లుడు భిలాయ్ వెళ్ళిపోయాడు. ఏడాదికి మళ్ళీ వచ్చి తీయాలని అతనికి ఎవరు చెప్తారు, అతనికెందుకు గుర్తుంటుంది.

ఆ ఏడంతా గడప దాటలేదంటే అబద్ధం. దాటకపోతే తిండెక్కడిది? ఇడ్లీ పిండి, దోసె పిండి రుబ్బి అమ్మడం మొదలుపెట్టాను. బస్తీలో హిందీవాళ్ళు కూడా గిన్నెలు పట్టుకుని వచ్చేవారు. వాళ్ళకి మైల పట్టింపు లేదు. తెలుగువాళ్ళు మాత్రం ఎదురుపడితే పక్కకి తప్పుకునేవారు, కోపంతో కాదు, మర్యాదకే. అది నాకు తెలుసు కాబట్టి నేనూ తప్పుకునేదాన్ని. ఒక్కో వారం ధర తప్ప ఇంకో మాట నా నోట్లోంచి వచ్చేది కాదు. ఆదివారాలు చాలా పొడుగ్గా ఉండేవి. చేయి ఊరికే ఉండలేక పులిహోర కలిపి, ఇద్దరికి సరిపడా కలిపానని అప్పుడు చూసుకుని, దువాసిన్ బాయికి ఇచ్చేసేదాన్ని.

ఏడు తిరిగిన రోజు తెల్లారగట్లే తలంటుకున్నాను. ఇల్లు కడిగాను, నల్ల పొడి ముగ్గు మీద పడకుండా చాలాసేపు చీపురు పట్టుకుని అక్కడే నిలబడ్డాను. ఇత్తడి చెంబు తోమి మంచినీళ్ళు పెట్టాను. ఎవరొస్తారో తెలీదు గానీ ఎవరో ఒకరు వస్తారు. రాజేశ్వరమ్మ పిన్ని కావచ్చు, ఆ అన్నదమ్ముల ఇంటివాళ్ళు కావచ్చు. రాత్రికి పడుకోవాలి కదా అని ఒక చీర, దుప్పటి సంచిలో సర్ది గుమ్మం పక్కన పెట్టాను. పిండికి వచ్చినవాళ్ళు వచ్చారు, పోయారు. చీకటి పడ్డాక సంచి లోపల పెట్టేశాను. మర్నాడు మళ్ళీ బయట పెట్టాను. వారం పోయింది, పండగ పోయింది, ఇంకో పండగ వచ్చింది. నాకు ఏడుపు రాలేదు. సిగ్గేసింది. ఆ సంచి ఎవరన్నా చూసి, ఎక్కడికమ్మా ప్రయాణం అని అడుగుతారేమోనని సిగ్గు.

ఒకరోజు శాస్త్రి బజారులో ఆనపకాయలు చూస్తుంటే రాజేశ్వరమ్మ పిన్ని కనపడింది. మనవరాలికి ఓణీల ఫంక్షను చేసింది ఈమధ్యే, అందరినీ పిలిచింది, నాకు తెలుసు. నన్ను చూసి నిజంగానే బాధపడింది. చెడ్డమనిషి కాదు. నా చేయి పట్టుకోబోయి ఆగి, సంచి చేతిలోంచి చేతికి మార్చుకుంది.

"పిలవాలని లేక కాదమ్మా పైడీ. నీ గడి ఇంకా బూడిదగానే ఉంది కదా, ఎలా పిలుస్తాం? సూరిబాబు ఉంటే ఈపాటికి మార్చేసేవాడు."

నిజమే పిన్నీ అన్నాను. ఆనపకాయ గోరుతో గిచ్చి చూసి, లేతదే తీసుకుని, ఆటో ఎక్కాను. ఆటోలో నవ్వొచ్చింది. మా ఆయన ఉంటే మార్చేసేవాడట. ఆయన ఉంటే మార్చాల్సిన పనేముంది. ఆవిడ అది అనుకోకుండా అంది, మనసులో ఉన్నదే అంది. ఊళ్ళో తెలుగువాళ్ళందరూ ఆ బోర్డు చూసుకుని, ఇంకా రంగు తీయలేదు కాబట్టి ఇంకా మైలే అని ఎవరి మటుకు వాళ్ళు ఆగారు. ఎవరో ఒకళ్ళు నా గుమ్మంలోకి వచ్చి నీళ్ళు తాగితే రంగు పోతుంది. రంగు పోతేగాని ఎవరూ రారు. ఆ పద్ధతి పెట్టినవాడు మధ్యలో లేడు.

రంగు తీయడం నాకు వచ్చు. అదే నన్ను తినేసేది. హాలు తాళం వాచ్‌మన్ దగ్గర ఉంటుంది, అడిగితే ఇస్తాడు. కర్ర అక్షరం ఎక్కడుందో నా వేలికి తెలుసు. కానీ రంగు తీయకూడదు, మనిషిని తీయాలి అన్నాడు కదా ఆయన. నాకు నేనే తీసుకుంటే, నన్ను నేనే పేరంటానికి పిలుచుకున్నట్టు. ఆ మాట ఎన్నాళ్ళు మోశానో చెప్పలేను. చివరికి ఒక ఆదివారం పొద్దున, ఎండ బాగా కాస్తోంది, చెంబుతో నీళ్ళు ముంచి గడప మీద పెట్టి, నేను బయటికి దిగి వాకిట్లో నిలబడ్డాను, వచ్చినవాళ్ళు నిలబడే చోట. గడప మీదున్న చెంబు తీసుకుని తాగాను. ఎదురరుగు మీద దువాసిన్ బాయి చూస్తోంది. ఆమె తల ఊపింది. అప్పుడు హాలుకి నడిచాను.

కంప్యూటరు మీద దుమ్ము. కాగితం విప్పినట్టు లోపలి రాత తెరవడం ఆయన చేస్తుండగా వందలసార్లు చూసిందే, వరస తప్పలేదు. మా వరస మొదట్లో ఆరు నెలవంకలు కనపడ్డాయి. వాటిని చెరిపి, ఆ చోట కర్ర అక్షరం ఆరుసార్లు కొట్టాను. అదయ్యాక ఆయన పేరు దగ్గర చేయి ఆగింది. ఇంటాయన గడిలో ఆయన పేరు ఇంకా అలాగే ఉంది. తీసేసి ఖాళీ వదిలితే గోడలు పడిపోతాయి. ఓటరు కార్డు బయటకు తీసి, దాని మీదున్న నా పేరు అక్షరాలు ఒక్కొక్కటీ చూసుకుంటూ, ఆయన పేరు తీయకుండానే దాని కింద నా పేరు కొట్టాను. గడి కొంచెం ఎత్తు పెరిగింది. రెండు పేర్లూ పట్టాయి. పేజీ పైకి ఎక్కించి, కాయితం అచ్చు తీసి, బోర్డు మీద పాతది చింపి కొత్తది అంటించాను. గౌరినాయుడు గారు తర్వాత చూసి, ఎవరు మార్చారమ్మా అని అడిగారు. నేనే బాబాయ్ అన్నాను. నీకు వచ్చా అన్నారు. ఈ ఒక్కటే వచ్చు అన్నాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని, మంచిది అన్నారు. మంచినీళ్ళకి వస్తానని మాత్రం అనలేదు.

తెల్లబడ్డాక ఏమయిందంటే, ఏమీ కాలేదు. ఒకటి రెండు శుభలేఖలు వచ్చాయి, ఎవరి చేతో పంపితే కిటికీలో పెట్టి వెళ్ళారు. వెళ్ళి వెనక బెంచీలో కూర్చుని తిని వచ్చాను. బొట్టు పెట్టి పిలిచేవాళ్ళు నా గుమ్మం దాకా రారు, ఆ సంగతి ఏ గడిలోనూ రాసి ఉండదు. కాకపోతే సంఘానికి నాతో ఒక పని పడింది. ఎవరైనా పోతే గౌరినాయుడు గారు కబురు పెట్టేవారు, పైడమ్మా, ఫలానా వాళ్ళ గడి చూడమ్మా అని. నేను వెళ్ళి బూడిద వేసేదాన్ని. వరసకంతా కాదు, పేరున్న ఒక్క గడికే. వాళ్ళ ఊరినీ వాళ్ళ పిల్లల్నీ తెల్లగా వదిలేసేదాన్ని. నా ఇంటికి వచ్చేవి చావు కబుర్లే అయినా, వచ్చినవాడు రెండు మాటలు మాట్లాడి వెళ్ళేవాడు, అదే నాకు ఆ రోజుకి కాలక్షేపం.

ఇప్పుడు ఆ పేజీ లేదు. సంఘానికి ఫోన్లో గ్రూపు ఉంది, నన్నూ అందులో వేశారు. ఎవరైనా పోతే ఫొటో పెడతారు, దండతో. కింద వరసగా దణ్ణం పెట్టే చేతులు దిగుతాయి, పక్కింటి కోడలు వేలితో తోస్తూనే ఉంటుంది, అవి అయిపోవు. అంతలోనే ఎవరిదో గృహప్రవేశం, ఎవరిదో పుట్టినరోజు కేకు. సాయంత్రానికి ఆ పోయిన మనిషి ఎక్కడికో పైకి వెళ్ళిపోతాడు. మంచిదే అనుకుంటాను. ఎవరినీ ఏడాదిపాటు పక్కన కూర్చోబెట్టరు. కానీ ఏడాది తర్వాత వెళ్ళి తీయాల్సింది కూడా ఏమీ లేదు. ఎవరింటికీ మంచినీళ్ళకి వెళ్ళక్కర్లేదు. ఆ రోజుల్లో పద్ధతి నన్ను బయట నిలబెట్టింది, అది నేను మర్చిపోను. అయినా ఎవరో ఒకరు రావాలి అని ఒక లెక్క ఉండేది. రానివాళ్ళకి అది తెలిసేది.

ఆ పేజీ ఉన్న రోజుల్లోనే, పార్వతి అని ఒక అమ్మాయి. మందిర్ హసౌద్ అవతల ఉండేది, భర్త లారీ డ్రైవరు, పోయాడు. ఆ గడికి బూడిద వేసింది నేనే. ఏడు తిరిగిన సంగతి నాకు గుర్తుంది, ఇంకెవరికి ఉంటుంది. కొన్నాళ్ళు చూశాను, ఎవరన్నా తీసుకెళ్ళారేమో, ఎవరన్నా హాలుకొచ్చి చెప్తారేమో అని. చెప్పలేదు. షేర్ ఆటో ఎక్కి, దిగి అడుగుతూ అడుగుతూ వెళ్ళాను. రేకుల ఇల్లు. నన్ను చూసి భయపడింది, డబ్బులకి వచ్చారేమో అనుకుంది. సంఘం నుంచి వచ్చాను తల్లీ, ముందు మంచినీళ్ళు ఇయ్యి అన్నాను. ఇచ్చింది. గుమ్మంలో నిలబడి తాగాను.

"నిద్ర అయిందా నీకు?"

"ఎవరున్నారక్కా చేయించడానికి."

"అయితే చీరొకటి సంచిలో పెట్టుకో."

లోపలికి వెళ్ళింది. బయటికి రావడానికి ఆట్టే సేపు పట్టలేదు. సంచి ఎప్పుడో సర్దే ఉంది గావాల.

మా గదిలో ఆమెకి మంచం ఇచ్చి నేను కింద చాప వేసుకున్నాను. ఏమేం మాట్లాడుకోవాలో ఆటోలోనే అనుకున్నాను గానీ, తిన్న వెంటనే ఆమె నిద్రపోయింది, ఎన్నాళ్ళదో ఆ నిద్ర. ఇంకో మనిషి ఊపిరి వింటూ నేనూ పడుకున్నాను. తెల్లారి లేచేసరికి వాకిలి ఊడ్చి, పప్పు కడిగి, గ్రైండరు దగ్గర కూర్చుని ఉంది. గిన్నెలతో వచ్చినవాళ్ళకి ఆమే పిండి వేసింది. కొలత కొంచెం ఎక్కువే వేసింది, నేను ఊరుకున్నాను. ఇద్దరం ఇడ్లీ తిన్నాం. ఆమె పచ్చడిలో ఉప్పు చాలలేదంది. నా పచ్చడికి వంక పెట్టేవాళ్ళు కూడా చాలా ఏళ్ళుగా లేరు. మధ్యాహ్నం ఎండ తగ్గాక ఆటో దగ్గరికి దిగబెట్టడానికి వెళ్ళాను.

చావు ఇంటికి వచ్చినవాళ్ళు వెళ్ళేటప్పుడు వెళ్ళొస్తామని చెప్పరు. మళ్ళీ రావాలని కోరుకున్నట్టు అవుతుందని, చెప్పకుండా లేచి వెళ్ళిపోతారు. మా ఆయన పోయినప్పుడు అందరూ అలాగే వెళ్ళారు. ఆ తర్వాత కబురు తెచ్చినవాళ్ళూ, శుభలేఖ కిటికీలో పెట్టినవాళ్ళూ, మా అన్న కూడా, నా దగ్గర్నించి వెళ్ళేటప్పుడు ఎవరూ నోరు తెరిచి ఆ మాట అనలేదు. ఆ అలవాటు అలా నిలిచిపోయింది, నేనూ ఎదురు చూడడం మానేశాను. పార్వతి ఆటోలో కూర్చుని, సంచి ఒళ్ళో పెట్టుకుని, బయటికి వంగింది.

"వెళ్ళొస్తానక్కా."

దానికి ఏమనాలో ఒక్కసారిగా గుర్తు రాలేదు. ఆటో కదిలి కొంత దూరం పోయాక, రోడ్డు మీద నిలబడి, వెళ్ళి రా అమ్మా అన్నాను.